కంభం చెరువులో చేపల ఉత్పత్తి: నీరు నిలిచే కాలానికి తగిన పిల్లల ఎంపిక

పరిచయం

నల్లమల కొండలకు తూర్పున ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట ప్రాంతం ప్రధానంగా మెట్ట ప్రాంతం. ఏడాది పొడవునా పారే నది ఇక్కడ లేదు. గుండ్లకమ్మ సైతం వర్షాధారమైన నదియే. అందువలన ఇక్కడి మంచినీటి చేపల వేట చెరువులను, వాటిలోను ముఖ్యంగా కంభం చెరువును నమ్ముకొని సాగుతున్నది.

చెరువుకు నీరు చేరిన సంవత్సరంలో మత్స్యకారులు మొదట అడిగే ప్రశ్న "ఈసారి ఎన్ని లక్షల పిల్లలు వదులుతారు?" అన్నది. ఏటా నిండుతుందన్న నమ్మకం లేని చెరువులో అంతకంటె ముందుగా అడగవలసిన ప్రశ్నలు రెండు ఉన్నాయి. వదలే పిల్ల ఎంత పొడవు ఉన్నది? దానికి ఎన్ని నెలల నీరు దొరుకుతుంది? ఈ రెండింటికి పొంతన కుదరనప్పుడు లక్షల పిల్లలు వదలినా వల బరువెక్కదు. ఆ పొంతనను కుదుర్చుకొనే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

చెరువు స్వరూపం

నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ, దానితో కలిసే జంపలేరు కొండల మధ్య ఇరుకు దారిగుండా బయటికి వచ్చే చోట కట్ట వేసి కంభం చెరువును నిర్మించారు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి అయిన వరదరాజమ్మ దీనిని కట్టించినట్లు ప్రసిద్ధి. పూర్తిగా నిండినప్పుడు చెరువు పొడవు సుమారు 7 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 3.5 కిలోమీటర్లు ఉంటుంది. అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం 2020లో దీనిని వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది.

మత్స్యశాస్త్రం దృష్టిలో ఈ చెరువుకు ఒక విశేషం ఉన్నది. మన దేశంలో 1,000 హెక్టార్ల లోపు నీటి విస్తీర్ణం గల జలాశయాలను చిన్నవిగాను, 1,000 నుండి 5,000 హెక్టార్ల వరకు గలవాటిని మధ్య తరహావిగాను, ఆపైన ఉన్నవాటిని పెద్దవిగాను లెక్కిస్తారు. నిండిన కంభం చెరువు మధ్య తరహా జలాశయం. తూముల ద్వారా ఆయకట్టుకు నీరు వదలిన కొలది, ఎండకు ఆవిరైన కొలది, నీరు కట్ట వైపునకు తగ్గుతూ పోయి అదే చెరువు వేసవి నాటికి చిన్న జలాశయంగా మారుతుంది.

ఈ తేడా ఉత్పత్తిలో కూడ కనబడుతుంది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1995లో ప్రచురించిన వి.వి. సుగుణన్ గ్రంథం ప్రకారం దేశంలో హెక్టారుకు సగటు చేపల దిగుబడి చిన్న జలాశయాలలో సుమారు 50 కిలోలు, మధ్య తరహా వాటిలో 12.3 కిలోలు, పెద్ద వాటిలో 11.4 కిలోలు. లోతు తక్కువైన చోట ఎండ అడుగు వరకు సోకి ప్లవకాలు బాగా పెరుగుతాయి; వదలిన పిల్లలు వలకు దొరకడం కూడ తేలిక. కనుక నిండు చెరువు విస్తీర్ణాన్ని ఆధారం చేసుకొని పిల్లల సంఖ్యను నిర్ణయించడం సరికాదు. పెరుగుదల కాలమంతటికి సగటు విస్తీర్ణాన్ని తీసుకోవాలి.

నదీ వంపు సరస్సులతో పోలిక

మైదానంలో వంపులు తిరిగి పారే నది ఒక వంపును విడిచి సూటిదారి పట్టినప్పుడు, విడిచిన వంపు విల్లు ఆకారపు సరస్సుగా మిగులుతుంది. బీహారులో మౌన్‌లు, బెంగాలులో బావర్‌లు ఈ కోవకు చెందినవే. 2020లో రామ్‌సర్ జాబితాలో చేరిన బీహారులోని కాబర్ తాల్ బూఢీ గండక్ నది విడిచిన నీటి నుండి ఏర్పడినది. అమెరికా దక్షిణ భాగంలో మిసిసిపి నది వెంట కూడ ఇటువంటి సరస్సులు అనేకం ఉన్నాయి. అక్కడి చేపల సంపదను వరద నిర్ణయిస్తుంది. వరద సరస్సును నదితో కలిపినప్పుడు కొత్త నీరు, ఒండ్రు, చేపపిల్లలు లోపలికి వస్తాయి. వరద తీసిన తరువాత సరస్సు తనలో మిగిలిన దానితోనే కాలం గడపాలి. నదికి, ముంపు మైదానానికి మధ్య గల ఈ సంబంధాన్ని జంక్, బేలీ, స్పార్క్స్ అనే శాస్త్రజ్ఞులు 1989లో "వరద స్పందన" సిద్ధాంతంగా ప్రతిపాదించారు.

కంభం చెరువు నది విడిచినది కాదు, నదికి అడ్డుకట్ట వేసి నిలిపినది. అయినను చేప విషయంలో రెండింటి నడక ఒక్కటే: వరదతో నిండుట, తరువాత నెలల తరబడి కుంచించుకొనిపోవుట. ముఖ్యమైన తేడా పిల్లల రాకలో ఉన్నది. బొచ్చె, రోహు, మోసు నిలువ నీటిలో గుడ్లు పెట్టవు; వానకాలపు పారుదల నీరు వాటికి అవసరం. గుండ్లకమ్మ వరద ఆలస్యమైన సంవత్సరంలో సహజంగా పిల్లలు చేరుతాయని ఆశించలేము. బయటినుండి తెచ్చి వదలక తప్పదు. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూష గ్రంథి సారంతో మన కార్పు చేపలచే గుడ్లు పెట్టించగలిగిన తరువాతనే ఇటువంటి చెరువులకు కోరినన్ని పిల్లలు లభించే మార్గం ఏర్పడింది.

చిన్న పిల్లలు ఎందుకు మిగలవు?

చెరువు అడుగంటినా మడుగులలో, బురదలో కొన్ని చేపలు మిగులుతాయి. కొరమీను, మట్టగిడస వంటివి గాలిని నేరుగా పీల్చగలవు గనుక తక్కువ నీటిలోను బ్రతుకుతాయి. వరదతో వాలుగ, జెల్లలు పైనుండి దిగుతాయి. ఇవన్నియు మాంసాహారులు. కొత్త నీటిలో వదలిన 2, 3 సెంటీమీటర్ల పిల్ల వీటికి సిద్ధమైన ఆహారం. 10 సెంటీమీటర్లు దాటిన పిల్ల చురుకుగా ఈదగలదు. పైగా అంత పిల్లను మ్రింగగల నోరు పెద్ద చేపలకే ఉంటుంది. అందుచేతనే జలాశయాలలో కనీసం 10 సెంటీమీటర్ల పొడవు గల పిల్లలనే వదలాలని మత్స్యశాస్త్రజ్ఞులు సిఫారసు చేస్తున్నారు.

రెండవ కారణం కాలం. చిన్న పిల్ల 10 సెంటీమీటర్లు పెరగడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. ఎనిమిది నెలలే నీరుండే సంవత్సరంలో ఆ మూడు నెలలు చెరువులో గడిచిపోతే, అమ్మకానికి తగిన బరువు రావడానికి ఐదు నెలలే మిగులుతాయి.

ఆలస్యపు వరదను అనుకూలంగా మలచుకొనుట

హేచరీలలో కార్పు పిల్లల ఉత్పత్తి నైరుతి వానలతో మొదలవుతుంది. ఈ ప్రాంతపు చెరువులకు నమ్మకమైన నీరు తరచు సెప్టెంబరు నుండి నవంబరు మధ్యనే చేరుతుంది. సాధారణంగా దీనిని లోపంగా భావిస్తారు. నిజానికి ఈ రెండు, మూడు నెలల ఎడము పిల్లలను పెంచుకొనడానికి సరిపోయే వ్యవధి. జులై, ఆగస్టు నెలలలో చిన్న పిల్లలను తెచ్చి బోరు నీటి వసతి గల పెంపకపు కుంటలలో ఉంచినచో, పెద్ద చెరువు నిండేనాటికి తగిన పొడవు గల పిల్లలు చేతిలో ఉంటాయి. వరద రాని సంవత్సరంలో వాటిని ఇతర చేపల రైతులకు అమ్ముకొనవచ్చును; ఎండిన చెరువులో పెట్టుబడి పోసినట్లు కాదు.

పెంపకపు కుంటలలో పాటించవలసినవి:

1. కుంటను ఎండగట్టాలి. వీలుకానిచో, మీటరు లోతు నీటికి హెక్టారుకు 2,500 కిలోల చొప్పున ఇప్పచెక్క వేసి పనికిరాని చేపలను నిర్మూలించాలి. దాని విషప్రభావం తగ్గడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఆ తరువాతనే పిల్లలను వదలాలి.
2. హెక్టారుకు 2 నుండి 3 లక్షల చిన్న పిల్లలకు మించరాదు. కిక్కిరిసిన కుంటలో పిల్లల పొడవు పెరగదు.
3. వేరుశనగ చెక్క, తవుడు సమపాళ్లలో కలిపి మేతగా ఇవ్వాలి.
4. చెరువుకు తరలించే ముందు రోజు మేత ఆపాలి. సంచులను 15 నుండి 20 నిమిషాలు చెరువు నీటిపై తేలనిచ్చి, వేడిమి సమానమైన తరువాత ఉదయం గాని సాయంకాలం గాని వదలాలి.
5. చెరువు అలుగు పారుతున్నంత కాలం పిల్లలను వదలరాదు. అవి నీటితోపాటు దిగువకు కొట్టుకొనిపోతాయి.

సంఖ్యను లెక్కించే విధానం

వదలవలసిన పిల్లల సంఖ్యకు ఒక సులభమైన సూత్రం ఉన్నది. ఆశించే మొత్తం దిగుబడిని ఒక్కొక్క చేప పెరిగే బరువుతో భాగించాలి. ఆ వచ్చిన సంఖ్యకు మధ్యలో నష్టపోయే పిల్లలను కలపాలి. కేవలం ఉదాహరణ కొరకు ఈ క్రింది అంకెలను అనుకుందాం.

పెరుగుదల కాలంలో సగటు విస్తీర్ణం 800 హెక్టార్లు. హెక్టారుకు 50 కిలోల చొప్పున ఆశించే దిగుబడి 40,000 కిలోలు. ఒక్కొక్క చేప అర కిలో పెరిగినచో పట్టవలసిన చేపలు 80,000. వదలిన పిల్లలలో సగం మిగిలితే కావలసినవి 1,60,000 పిల్లలు. నూటికి పది మాత్రమే మిగిలితే కావలసినవి 8,00,000.

అనగా అదే దిగుబడికి ఐదు రెట్ల పిల్లలు కావాలి. పెద్ద పిల్ల ధర ఎక్కువ అన్న మాట నిజమే. అయితే ధరను వదలే పిల్లకు కాక, వలలో పడే చేపకు లెక్కకట్టి పోల్చాలి. మిగిలే శాతం ప్రతి చెరువుకు వేరుగా ఉంటుంది. ఏ తేదీన, ఏ రకం, ఎంత పొడవు గల పిల్లలు ఎన్ని వదలినదీ, తరువాత ఏ రోజున ఎన్ని చేపలు, ఎంత బరువు పట్టినదీ సహకార సంఘం ఒక పుస్తకంలో వ్రాసుకొన్నచో, రెండు మూడు సంవత్సరాలలో తమ చెరువు శాతం తమకే తెలుస్తుంది.

రకాల ఎంపికలో బొచ్చె పైనీటి జంతు ప్లవకాలను, రోహు మధ్య నీటి ఆహారాన్ని, మోసు అడుగున కుళ్లిన పదార్థాలను తింటాయి. నీటి మునకలో మిగిలిన గడ్డి, మొక్కలు కుళ్లి ప్లవకాలు పెరిగే కొత్త నీటిలో బొచ్చె వేగంగా పెరుగుతుంది గనుక దానికి ప్రాధాన్యమివ్వవచ్చును. తిలాపియా నిలువ నీటిలోనే సంతతిని పెంచుకొని ఇతర చేపల ఆహారానికి పోటీ అవుతుంది. దానిని చెరువులోకి రానీయరాదు.

వల కన్ను, వేట కాలం

మొప్ప వల ఒక పరిమాణపు చేపనే పడుతుంది. అంతకంటె చిన్నది కన్నులోనుండి దాటిపోతుంది. చాల పెద్దది తల దూర్చలేక తప్పించుకొంటుంది. కనుక ఏ కన్ను గల వల వేయాలన్నది, ఏ బరువు చేపను అమ్మాలన్న నిర్ణయమే. చిన్న కన్ను వలలతో డిసెంబరులోనే వేట మొదలుపెట్టిన వారు, మార్చిలో అర కిలో తూగగల చేపను వంద గ్రాములకే అమ్ముకొన్నట్లు అవుతుంది. ఒక్కరు అట్లు చేసినా తక్కినవారు ఆగరు. అందువలన ఈ నియమాన్ని సంఘం మొత్తంగా పెట్టుకొని అమలు జరపాలి.

అయితే నిండుగా ఉండే జలాశయాల నియమాన్ని యథాతథంగా ఇక్కడ పాటించుట కూడ పొరపాటే. ఎండిపోయే చెరువులో వచ్చే ఏటికని విడిచిన చేప ఎవరికీ దక్కదు. ఈశాన్య ఋతుపవనాలు ముగిసి, సంక్రాంతి నాటికి చెరువులోని నీటిమట్టం తేలిపోతుంది. అప్పుడు నీటిపారుదల అధికారులతోను, ఆయకట్టు రైతులతోను మాట్లాడి తూముల విడుదలను తెలుసుకొని వేటను నిర్ణయించుకోవాలి. వేసవి దాటి నీరు నిలిచేటట్లు ఉన్నచో పెద్ద కన్ను వలలనే వాడాలి. నిలవదని తేలినచో, నీరు తగ్గిన కొలది దశలవారీగా లాగుడు వలలతో పట్టి, ధర పడిపోకుండ కొద్దికొద్దిగా అమ్మాలి. చివరి వారంలో అంతా ఒకేసారి పట్టినచో వేడినీటిలో ప్రాణవాయువు తగ్గి చేప చనిపోవుట, అంగడిలో ధర పడిపోవుట రెండును ఒకేసారి ఎదురవుతాయి.

ముగింపు

కంభం చెరువులో మొదటి హక్కు సాగునీటిది. చేప ఆ నీటిని ఖర్చు చేయదు. అది చెరువులో ఉన్నన్నాళ్లు దానిలో పెరుగుతుంది, అంతే. నీరు ఎప్పుడు వచ్చేది, ఎప్పుడు పోయేది మత్స్యకారుని చేతిలో లేదు. వరదకు ముందే పిల్లను పెంచి సిద్ధముంచుకొనుట, సగటు విస్తీర్ణాన్ని బట్టి సంఖ్యను నిర్ణయించుట, అలుగు ఆగిన తరువాత వదలుట, సంక్రాంతి నీటిమట్టాన్ని చూచి వల కన్నును ఎంచుకొనుట మాత్రం అతని చేతిలోనివే. నాలుగైదు ఏండ్లకు ఒకసారి మాత్రమే చెరువు నిండినను, ఆ ఒక్క ఏటి నీటిని వృథా పోనీయక చేపగా మార్చుకొనుటకు ఈ నాలుగు పనులు తోడ్పడతాయి. బేస్తవారిపేట, గిద్దలూరు, మార్కాపురం పరిసరాలలోని చిన్న చెరువులకు కూడ, నీరు నిలిచే నెలలను సరిచూచుకొని, ఇదే పద్ధతి వర్తిస్తుంది.