రెటీనా ఊడిపోవడం: కారణాలు, రకాలు

కంటి గోడలోని మూడు పొరల్లో అన్నిటికన్నా లోపలిది రెటీనా (నేత్రపటలం). కాంతిని గ్రహించే దండకణాలు, శంకుకణాలు ఇందులోనే ఉంటాయి. వీటికి ఆక్సిజన్, పోషకాలు ప్రధానంగా వెనుకనున్న రక్తపటలం నుంచి అందుతాయి. రెటీనా తన కిందనున్న వర్ణక కణాల పొర నుంచి విడిపోతే ఈ సరఫరా తెగి కాంతిగ్రాహక కణాలు క్రమంగా నశిస్తాయి. అందుకే ఇది అత్యవసర స్థితి.

రకాలు

1. రెగ్మటోజీనస్: అన్నిటికన్నా సాధారణ రకం. వయసుతో పాటు కంటిలోని విట్రియస్ జెల్ కుంచించుకుపోయి రెటీనాను లాగినప్పుడు చిరుగు ఏర్పడుతుంది. పలుచబడిన జెల్ ఆ చిరుగు గుండా వెనక్కి చేరి పొరను లేపుతుంది. తీవ్ర హ్రస్వదృష్టి, కంటికి దెబ్బ తగలడం, శుక్లాల శస్త్రచికిత్స, కుటుంబ చరిత్ర ముప్పును పెంచుతాయి.

2. ట్రాక్షనల్: రెటీనాపై పెరిగిన మచ్చ కణజాలం దాన్ని లాగేస్తుంది. ముఖ్య కారణం ముదిరిన డయాబెటిక్ రెటినోపతి (మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడం). నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో వచ్చే రెటినోపతి మరో కారణం.

3. ఎక్సుడేటివ్: చిరుగు ఉండదు. వాపు, కణితులు, రక్తనాళాల లోపాల వల్ల ద్రవం రెటీనా కిందికి చేరుతుంది.

లక్షణాలు

హఠాత్తుగా నల్లని చుక్కలు, మెరుపులు కనిపించడం, చూపు అంచున నీడ తెరలా కమ్ముకోవడం. నొప్పి సాధారణంగా ఉండదు.

చికిత్స

ఊడకముందే చిరుగును గుర్తిస్తే లేజర్ లేదా క్రయోథెరపీ (అతిశీతల చికిత్స). ఊడితే స్క్లీరల్ బకిల్ (కంటి గోడను బయటి నుంచి లోపలికి నొక్కే పట్టీ), విట్రెక్టమీ (విట్రియస్ జెల్‌ను తొలగించడం), వాయుబుడగతో అతికించడం. ఎక్సుడేటివ్ రకంలో మూలవ్యాధికి చికిత్స ముఖ్యం. రెగ్మటోజీనస్ రకంలో చిరుగులే రెటీనా ఊడటానికి కారణమని గుర్తించి, వాటిని మూసే శస్త్రచికిత్సకు బాట వేసినవారు స్విట్జర్లాండ్ నేత్రవైద్యుడు జూల్స్ గోనాఁ.