హెక్సేన్ బేరంలో మరుగు డిగ్రీ ఒక్కటే చాలదు

తవుడు నూనె మిల్లులకు హెక్సేన్ అమ్మే వర్తకులైనా, కొనే మిల్లుదారులైనా సర్టిఫికెట్‌లో ముందు చూసేది మరుగు డిగ్రీలనే. 63 నుంచి 70 సెంటీగ్రేడు డిగ్రీల మధ్య సరుకంతా ఆవిరైతే బేరం కుదిరినట్లే. అయితే అందులో బెంజీన్ ఎంత వున్నదీ ఆ అంకెలు చెప్పవు. కొద్దిపాటి బెంజీన్‌కు ఆ వరుస పెద్దగా చెదరదు. మిల్లులో ఆ ఆవిరి పీల్చేది కూలీలు. బెంజీన్ రక్త కాన్సర్‌కు కారణమని రుజువైంది.

దీన్ని తేల్చేది గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రం. సన్నని పొడవాటి గొట్టం లోపల సులభంగా ఆవిరికాని ద్రవం పూతగా వుంటుంది. నమూనాను గాలివంటి వాయువు ముందుకు తోస్తుంది. ఆవిరిగా వున్నంతసేపు పదార్థం సాగుతుంది, పూతలో కరిగినంతసేపు ఆగుతుంది. ఎంతసేపు ఆగేదీ దాని ఆవిరి పీడనం, పూతతో దానికి గల ఆకర్షణ నిర్ణయిస్తాయి.

పెంటేన్ 36, హెక్సేన్ 69, హెప్టేన్ 98 డిగ్రీలకు మరుగుతాయి. ఒక కర్బన పరమాణువు పెరిగితే ఆవిరి చేయడానికి మోల్‌కు సుమారు 5 కిలోజౌళ్ల ఉష్ణం అదనంగా కావాలి. యంత్రం వేడి మార్చకుండా వుంచితే, ఆగే కాలం మాత్రం సమంగా పెరగదు. చక్రవడ్డీ లెక్కన పెరుగుతుంది. పూతలో అసలు ఆగని వాయువుకు పట్టే కాలాన్ని తీసివేసి, మిగిలినదానికి లాగరిథమ్ కడితే సరళరేఖ వస్తుంది. 1958లో కోవాట్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఈ రేఖపైనే హెక్సేన్‌కు 600, హెప్టేన్‌కు 700 అని సూచిక కట్టాడు. నిమిషాలు యంత్రానికొక తీరుగా వుంటాయి గాని, పూత, వేడి ఒకటే అయితే సూచిక దాదాపు మారదు. రెండు లాబొరేటరీల మధ్య తగాదా వచ్చినప్పుడు ఇదే ఆధారం.

అసలు చిక్కు బెంజీన్, సైక్లోహెక్సేన్‌ల దగ్గర వుంది. మొదటిది 80.1, రెండోది 80.7 డిగ్రీలకు మరుగుతుంది. స్క్వాలేన్ వంటి హైడ్రోకార్బన్ పూతపై రెండూ ఇంచుమించు పక్కపక్కనే వస్తాయి. పాలిఇథిలీన్ గ్లైకాల్ పూత వేస్తే కథ మారుతుంది. అది బెంజీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. 151 డిగ్రీలకు మరిగే నోనేన్ సైతం దాటిపోయాక గాని బెంజీన్ బయటపడదు!

కనుక రిపోర్టులో బెంజీన్ శాతంతోబాటు ఏ పూతపై, ఎంత వేడిలో పరీక్షించారో వుండాలని కొనుగోలుదారు ఒప్పందంలోనే రాయించుకోవచ్చు. నమూనా సీసాకు ఇరుపక్షాల సీలు ఎలాగూ వుండవలసిందే.