టిక్కుమన్న ప్రతి రిలేనీ నమ్మకు

మణుగూరులో బొగ్గు మీది మట్టి తవ్వే ఓబీ క్యాంపులో ఉన్న చిరంజీవి నవీన్‌కి,
ఖమ్మం నుంచి మామయ్య ఆశీస్సులు.

అల్లుడూ, నీ ఉత్తరంలో అడిగినవి చాలా ఉన్నా అసలు ప్రశ్న ఒక్కటే: రిలే బాగుందో పోయిందో ఎలా తేల్చాలి? మీ షెడ్డులో చెవి దగ్గర పెట్టుకుని వింటారని, టిక్కుమంటే మంచిదంటారని, అనకపోతే పారేస్తారని, అప్పటికీ తేలకపోతే పక్క సాకెట్‌లోది పీకి ఇందులో పెడతారని రాశావు. మణుగూరు సంగతే కాదు. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో (ఓసీలో) చూసినా, కోయగూడెంలో చూసినా, బి.జి.కొత్తూరు నుంచి ములకలపల్లి దాకా అడవి అంచున సీతారామ కాలువ తవ్విన బండ్ల దగ్గర చూసినా ఎక్కువగా నడిచేది ఈ పద్ధతే. ఇది తప్పని నేననను. సగం పరీక్ష అంటాను. రిలేని అది కూర్చున్న చోటే, లోడు మీద, అది రోజూ భరించే వేడిలో వోల్టులతో కొలిస్తేనే మిగతా సగం తేలుతుంది. ఆ కొలత లేకుండా రిలే పోయిందని తేల్చేస్తే అసలు తప్పు వేరేచోట మిగిలిపోయే అవకాశమే ఎక్కువ. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, నిదానంగా చదువు.

రిలే డబ్బా లోపల రెండు సర్క్యూట్లున్నాయి, ఒకదానికీ ఇంకోదానికీ తీగ సంబంధం లేదు. 85, 86 కాళ్ళ మధ్య సన్నటి రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. 30, 87 మధ్య పాయింట్లు ఉంటాయి. ఐదు కాళ్ళ రిలే అయితే కాయిల్‌కి కరెంటు లేనప్పుడు 30ని పట్టుకుని ఉండే 87ఎ కూడా ఉంటుంది. ఈ నంబర్లు జర్మనీ వాళ్ళ డిన్ 72552 ప్రమాణంలోవి, అందుకే బండి ఏ దేశపుదైనా చాలావరకు ఇవే కనిపిస్తాయి. 24 వోల్టుల రిలేలో కాయిల్ తీసుకునేది నూరు మిల్లీ ఆంపియర్లలోపే, పాయింట్ల మీద నడిచేది 10, 20 ఆంపియర్లు. టిక్కుమన్నదంటే ఆర్మేచర్ కదిలిందన్నమాట, అంటే కాయిల్ తెగలేదు, స్ప్రింగు ఇరుక్కోలేదు. అంతవరకు ఆ చప్పుడు చెప్పేది నిజమే. పాయింట్లు ఒకదాన్నొకటి తాకాక వాటి గుండా ఎంత కరెంటు పోతోందో మాత్రం ఆ చప్పుడుకి తెలియదు. మసిబారిన పాయింట్లు కూడా కొత్తవాటిలాగే టిక్కుమంటాయి. పోనీ మీటరుతో ఓములు చూద్దామా అంటే అక్కడా చిక్కుంది. ఓములు కొలిచేటప్పుడు మీటరు పంపేది ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే. కాలిన పాయింట్ల అడ్డు 0.05 ఓము ఉందనుకో, నీ మీటరు వైర్లకే 0.2 ఓము ఉంటుంది కాబట్టి ఆ తేడా కనపడనే కనపడదు. అదే 0.05 ఓము మీద 20 ఆంపియర్లు నడిపితే 1 వోల్టు అక్కడే పోతుంది. 20 వాట్ల వేడి అగ్గిపెట్టెంత డబ్బాలో పుడుతుంది. సాకెట్ గోధుమ రంగుకి తిరగడం, కాళ్ళు నీలం పట్టడం, ప్లాస్టిక్ వంకరపోవడం అక్కడి నుంచే మొదలవుతాయి.

పారేసిన రిలే ఒకటి తీసుకుని కవరు ఊడదీసి చూడు. ఒక పాయింటు మీద చిన్న గుంట, ఎదుటి పాయింటు మీద సరిగ్గా ఆ గుంటకి తగిన చిన్న మొటిమ కనిపిస్తాయి. డీసీ కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కున పోతుంది కనుక, పాయింట్లు విడిపోయే ప్రతిసారీ పుట్టే ఆర్క్ ఒకవైపు లోహాన్ని కరిగించి రెండోవైపుకి చేరుస్తుంది. ఆ గుంట, మొటిమ ఒకదాన్నొకటి పట్టేస్తే ఇంజిన్ ఆపినా లైట్లు ఆరవు, తాళం వదిలినా సెల్ఫ్ స్టార్టర్ తిరుగుతూనే ఉంటుంది. 24 వోల్టుల దగ్గర ఆ ఆర్క్ 12 వోల్టుల దగ్గరకన్నా మొండిది, తొందరగా ఆరదు. ఒకే సైజు డబ్బా మీద 12 వోల్టుల రిలేకి 40 ఆంపియర్లని, 24 వోల్టుల రిలేకి 20 ఆంపియర్లని రాసి ఉండడానికి పెద్ద కారణం ఇదే. జేసీబీ బ్యాక్‌హోలు 12 వోల్టుల బండ్లు, ప్రొక్లెయిన్లూ డంపర్లూ 24 వోల్టులవి. రెండూ ఉన్న క్యాంపులో రిలేలు ఒకే డబ్బాలో కలిపి పెట్టడం మానిపించు.

ఇక వేడి సంగతి. నీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. మే నెలలో మీ వైపు 45 డిగ్రీలు దాటడం వింతేం కాదు. అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన క్యాబిన్‌లో, అదీ సీటు వెనక ఫ్యూజు బాక్స్‌లో, ఇంకా ఎక్కువే ఉంటుంది. దానికి తోడు కాయిల్ తన కరెంటుతో తానే వేడెక్కుతుంది. రాగికి డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున అడ్డు పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 300 ఓములున్న కాయిల్ 90 డిగ్రీలకి చేరితే 380 ఓములకి పోతుంది. ఆర్మేచర్‌ని లాగేది కరెంటు, వోల్టేజీ కాదు. చల్లగా ఉన్నప్పుడు 16 వోల్టులకి లాగే రిలేకి కావలసింది 53 మిల్లీ ఆంపియర్లు. వేడిలో అంతే కరెంటు రావాలంటే 20 వోల్టులు పైచిలుకు కావాలి. ఇప్పుడు బ్యాటరీలు కాస్త నీరసించి 23 వోల్టుల దగ్గర ఉన్నాయనుకో, క్యాబిన్ కింద ఎర్త్ బోల్టు తుప్పుపట్టి 60 ఓముల అడ్డు చూపిస్తోందనుకో. పొద్దున కాయిల్‌కి 19 వోల్టులు అందుతాయి, 16 చాలు కాబట్టి బండి స్టార్ట్ అవుతుంది. మధ్యాహ్నం 19.9 అందుతాయి, కావలసింది 20.2, కాబట్టి సెల్ఫ్ తీసుకోదు. సాయంత్రం చల్లబడ్డాక మళ్ళీ మామూలే. కొత్త రిలే షెల్ఫ్ మీద నుంచి చల్లగా వస్తుంది కనుక పెట్టగానే పనిచేస్తుంది. అందరూ పాతదే పోయిందంటారు. రెండు రోజుల్లో కొత్తదీ అదే దారి పడుతుంది. మీరు మార్చారని ఉత్తరంలో రాసిన మూడు రిలేల కథ ఇలాంటిదే అయి ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నాను, కొలవకుండా అంతకుమించి అనకూడదు.

కొలిచే తీరు ఇది. పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాలకి అడ్డు పెట్టి, బకెట్ నేలకి దించి, బండి కింద ఎవరూ లేరని చూసుకున్నాకే మొదలుపెట్టు. పాత రిలే అడుగు భాగం, ఒక కొత్త సాకెట్ తీసుకుని, లోడుకి తగిన మందం వైర్లతో రెంటినీ కలిపి ఒక ఎక్స్‌టెన్షన్ చేసుకో. దానివల్ల రిలే పనిచేస్తుండగానే అన్ని కాళ్ళ మీదా మీటరు పెట్టొచ్చు. మీటరు మొనని సాకెట్ రంధ్రంలోకి గుచ్చకు, లోపలి క్లిప్పు వెడల్పయి అదే కొత్త లూజు కాంటాక్ట్ అవుతుంది. తాళం తిప్పించి ముందు 85, 86 మధ్య చూడు. బ్యాటరీ వోల్టేజీ నిండుగా ఉండి కూడా టిక్కుమనకపోతే అప్పుడు కాయిల్‌ని అనుమానించు. వోల్టేజీ తక్కువుంటే రిలేని వదిలేసి, ఎర్త్ కాలికీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య ఎన్ని వోల్టులు పోతున్నాయో, బ్యాటరీ పాజిటివ్‌కీ రెండో కాలికీ మధ్య ఎన్ని పోతున్నాయో చూడు. ఎక్కువ పోయిన వైపే రోగం. కాయిల్ బాగుంటే, లోడు నడుస్తుండగా 30కీ 87కీ మధ్య వోల్టులు చూడు. 0.1 దగ్గరుంటే పాయింట్లు మంచివి, అర వోల్టు దాటితే ఆ రిలే రోజులు అయిపోయినట్టే. ఆ తర్వాతే 87 నుంచి లోడు దాకా వైరు, లోడు ఎర్త్. బల్ల మీద పరీక్షించాలంటే 24 వోల్టుల, 70 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండు కలిపితే దాదాపు 6 ఆంపియర్లు లాగుతాయి. మంచి పాయింట్ల మీద 30 మిల్లీవోల్టులు చూపిస్తే, కాలినవాటి మీద 300 చూపిస్తుంది. ఒక్కసారి చూసి వదలకు, ఇరవైసార్లు ఆన్ ఆఫ్ చెయ్యి, కాలిన పాయింటు ఒక్కోసారి ఒక్కోలా కూర్చుంటుంది. కాయిల్‌ని అరగంట ఆన్‌లో ఉంచి వేడెక్కాక, ఎన్ని వోల్టులకి లాగుతోందో మళ్ళీ చూస్తే మే నెల మధ్యాహ్నం నీ బల్ల మీదకే వస్తుంది.

దీనికి మీ సూపర్‌వైజర్ ఏమంటాడో నేను ఊహించగలను. ఓబీ పని క్యూబిక్ మీటర్ల లెక్క, బండి గంట ఆగితే నష్టం వేలల్లో ఉంటుంది, రిలే ఖరీదు వందల్లో, మార్చి పారేస్తే పోలేదా అంటాడు. ఆ లెక్కలో న్యాయముంది, కొట్టిపారేయకు. తెలిసిన మంచి రిలేతో మార్చి చూడడం అనుమానాలు తగ్గించుకోవడానికి పనికొచ్చే అడుగే. కానీ రిలే పీకి పెట్టడంలోనే ఒక మోసముంది. కాలు సాకెట్‌లో రాసుకుని పైనున్న తుప్పు చెరిగిపోతుంది, దాంతో పాత రిలేనే తీసి మళ్ళీ పెట్టినా బండి నడుస్తుంది. నడిచింది కదా అని కొత్తదానికి మార్కులు వేస్తాం. రెండోది, పాయింట్లు ఎందుకు కాలాయన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. అవతల మోటారు ఇరుక్కుని రెట్టింపు కరెంటు లాగుతుంటే, లేదా ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పాడై 28 వోల్టుల దగ్గర ఆగాల్సింది 32కి పోతుంటే, ఎన్ని రిలేలు పెట్టినా మాడతాయి. నాలుగు కొలతలకి పట్టేది పదిహేను నిమిషాలు. ఒక బండి వారంలో మూడుసార్లు ఆగితే ఎంత పోతుందో ఆయన లెక్కలోనే చూపించు.

ఇప్పటి బండ్లలో డిస్‌ప్లే మీద కోడ్ వస్తుంది కదా, మీటరెందుకు అనేవాళ్ళూ ఉంటారు. కోడ్ పనికొస్తుంది, ముందు అదే చూడు. కానీ కంట్రోలర్ గమనించేది చాలావరకు తాను నడిపే కాయిల్ వైపునే. కాయిల్ తెగినా, షార్ట్ అయినా చెబుతుంది. పాయింట్ల మీద వోల్టు పోతున్న సంగతి చాలా బండ్లలో దానికి తెలిసే దారే ఉండదు. ఇంకో జాగ్రత్త: కంట్రోలర్ నుంచి వచ్చే వైరు మీద టెస్ట్ బల్బు పెట్టకు. బల్బు లాగే కరెంటు కంట్రోలర్ లోపలి డ్రైవర్ సర్క్యూట్‌ని కాల్చొచ్చు, అక్కడ మీటరే వాడు. కాయిల్ ఆగిన క్షణంలో వెనక్కి కొట్టే వోల్టేజీని అణచడానికి కొన్ని రిలేల్లో డయోడ్, కొన్నిటిలో రెసిస్టర్ ఉంటుంది. డయోడ్ రిలేకి 85, 86లలో ఏది ప్లస్సో కవరు మీద బొమ్మ ఉంటుంది, తిరగేస్తే షార్టే. అలాంటి చోట అణిచేదేమీ లేని మామూలు రిలే పెట్టినా పనిచేస్తుంది, కానీ ఆ దెబ్బ కంట్రోలర్ మీద పడుతుంది. కాళ్ళు సరిపోయాయి కదా అని పెట్టేయకు.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది డైరెక్ట్ చేయడం. రిలే పీకి 30కీ 87కీ మధ్య వైరు ముక్క పెట్టి షిఫ్టు గడిపేయడం. లైటుకి చేస్తే వైరు కాలుతుంది. సెల్ఫ్‌కి చేస్తే మనిషి పోతాడు. గేరు న్యూట్రల్‌లో లేకపోతే, హైడ్రాలిక్ లాక్ లీవర్ లాక్‌లో లేకపోతే స్టార్ట్ కానివ్వకుండా ఆపేది ఆ రిలే దారే. అది దాటేస్తే గేరులో ఉన్న బండి, చక్రం పక్కన నిలబడ్డవాడి మీదకే కదులుతుంది. రివర్స్ అలారం రిలే కూడా అంతే. ఓసీల్లో డంపర్లకి వెనక్కి వచ్చేటప్పుడు మోగే అలారం ఉండి తీరాలని ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టరేట్ పట్టుబట్టేది, ఆ ఎత్తు నుంచి డ్రైవరుకి వెనక మనిషి కనపడడు కనుకే. హారన్ మోత విసుగని ఆ రిలే పీకేసిన బండి కనిపిస్తే, పెట్టించేదాకా దాన్ని పనిలోకి పంపకు. అందరూ చేస్తున్నదే కదా, ఒక్క షిఫ్టుకే కదా అంటారు. ఆ ఒక్క షిఫ్టు అయ్యాక వైరు ముక్క తీసేవాడెవడూ ఉండడు, తర్వాత షిఫ్టువాడికి అది అక్కడుందనే తెలియదు. కొత్తగా చేరినవాడివి, ఎదురు చెప్పడం కష్టమని నాకు తెలుసు. గొడవపడకు. లాగ్‌బుక్‌లో బండి నంబరు, రిలే పేరు, నువ్వు కొలిచిన వోల్టులు, డైరెక్ట్ చేయమన్నారు, చేయలేదు అని రాసి సంతకం పెట్టు. ఎవరైనా అడిగితే ఆ పేజీ చూపించు.

వానలు మొదలయ్యేలోగా ఫ్యూజు బాక్సుల పని, ఎర్త్ బోల్టుల పని పూర్తిచెయ్యి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, అలాంటి ఏడాది ఒడ్డున నిలబెట్టిన బండి ఏదైనా మునగొచ్చు. మునిగిన రిలే పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల సన్నటి ఒండ్రు పాయింట్ల మధ్య మిగిలిపోతుంది. సీలు వేసిన రకం కాకపోతే పరీక్ష కూడా అక్కర్లేదు, మార్చెయ్యి, సాకెట్ క్లిప్పులతో సహా. మునగని బండ్లకి ఫ్యూజు బాక్స్ మూత రబ్బరు చూడు, బొగ్గు దుమ్ము బ్రష్షుతో తీయి, వాటర్ జెట్ అటు పట్టనివ్వకు. ఎర్త్ బోల్టులు విప్పి, మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాయి. ముందు పెద్ద ప్రొక్లెయిన్‌తో మొదలుపెట్టు, డంపర్లు తర్వాత, జేసీబీలు చివర.

ఆశీస్సులతో,
మీ మామయ్య