మెమో ఫైలు ఎందుకు చెడిపోతుంది?

ఒక ఆసుపత్రి రికార్డులు కంప్యూటరులో ఉన్నాయనుకోండి. రోగి పేరు, వయస్సు, ఊరు - వీటికి ఎన్ని అక్షరాలు చాలునో ముందే చెప్పవచ్చు. కాని డాక్టరు రాసే వివరాలు ఒకరికి రెండు వాక్యాలైతే, మరొకరికి రెండు పేజీలు. మరి వాటికి ఎంత చోటు కేటాయించాలి?

ఈ చిక్కు తీర్చడానికి 1984లో విడుదలైన డీబేస్-3 ప్రోగ్రాములో రెండు ఫైళ్ళు వాడారు. మొదటిది పట్టిక. రెండవది పొడవైన రాతలు దాచే మెమో ఫైలు. ఇందులో ఒక్కొక్క గడి 512 బైట్లు. ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. పట్టికలో రోగి పేరు పక్కన, అతని వివరాలు మొదలయ్యే గడి సంఖ్య మాత్రమే ఉంటుంది. విషయసూచికలో పుట సంఖ్య ఉన్నట్లే! ఇక ముందు రాయవలసిన ఖాళీ గడి ఏదో మెమో ఫైలు ఆరంభంలోనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఖాళీ గడి సంఖ్య 12. రామయ్య వివరాలు 1,100 బైట్లు. రెండు గళ్ళలో 1,024 బైట్లే పడతాయి. కనుక మూడు గళ్ళు కావాలి. కంప్యూటరు ఈ వరుసలో పని చేస్తుందనుకుందాం:

1. 12, 13, 14 గళ్ళలో వివరాలు రాయడం.
2. పట్టికలో రామయ్య పేరు పక్కన 12 వేయడం.
3. ఖాళీ గడి సంఖ్యను 15గా మార్చడం.

రెండవ పని కాగానే కరెంటు పోయింది! ఖాళీ గడి సంఖ్య ఇంకా 12గానే ఉండిపోయింది. మరునాడు సీతమ్మ వివరాలను కంప్యూటరు 12వ గడి నుంచే, రామయ్య వివరాల మీదనే రాసేస్తుంది. ఇప్పుడు రామయ్య రికార్డు తెరిస్తే సీతమ్మ జబ్బు కనబడుతుంది. గడి ఖాళీగా ఉంటే డాక్టరు అనుమానిస్తాడు. చక్కగా కనిపించే తప్పును ఎవరు అనుమానిస్తారు? అసలు ప్రమాదం ఇదే.

కరెంటు పోకపోయినా ఈ చిక్కు రావచ్చు. రెండు కంప్యూటర్లు ఒకేసారి "12 ఖాళీ" అని చదివి, రెండూ అక్కడే రాయవచ్చు. లేదా ఎవరైనా పాత మెమో ఫైలును తెచ్చి కొత్త పట్టిక పక్కన పెట్టవచ్చు. కారణం ఏదైనా, జరిగేది ఒక్కటే: రెండు ఫైళ్ళకు పొత్తు కుదరదు.

అందుకే ఒకరు రాస్తున్నంతసేపు మరొకరు రాయకుండా ఫైలుకు తాళం వేస్తారు. రెండు ఫైళ్ళనూ కలిపే కాపీ చేస్తారు. నేటి డేటాబేసులలో చాలావరకు, చేయబోయే మార్పులను ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటాయి. కరెంటు వచ్చాక చిట్టా చూసి సరిచేసుకుంటాయి.

ఆలోచించండి: పై మూడవ పనిని అన్నిటికంటే ముందు చేస్తే, మధ్యలో కరెంటు పోయినా ఒకరి రాత మీద మరొకరి రాత పడుతుందా? అప్పుడు జరిగే నష్టమేమిటి? కాగితం మీద గళ్ళు గీసి చూడండి.