బడి మూసినా పాఠం ఆగొద్దు



బడికి తాళం పడితే ఇంట్లో ఏమవుతుందో తల్లిదండ్రులకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2020 మార్చి నడుమ మన రాష్ట్రంలో బడులు మూశారు. తొమ్మిది, పది తరగతులు 2021 ఫిబ్రవరి 1న మొదలైనా, మార్చి 24 నుంచి మళ్లీ మూత పడ్డాయి. చిన్న తరగతుల పిల్లలైతే 2021 సెప్టెంబర్ 1 దాకా, అంటే దాదాపు ఏడాదిన్నర, బడి గడప తొక్కలేదు. కరోనా ఒక్కటే కారణం కాదు. 2019 అక్టోబర్‌లో ఆర్టీసీ సమ్మె వల్ల దసరా సెలవులు పెంచారు. 2023 జూలైలో, 2024 సెప్టెంబర్‌లో వానలకు బడులు మూశారు. రేపు ఇంకో కారణం వస్తుంది. అప్పుడు మనం ఎట్లా ఉండాలో ఇప్పుడే ఆలోచించుకుందాం.

నష్టం ఎవరికి?

అమీర్‌పేటలో మైత్రివనం చుట్టూ ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు చదువు కోసం ఇక్కడికి వస్తారు. అదే అమీర్‌పేటలో, పక్కనే పంజాగుట్టలో, ఒక్క గదిలో కాపురం చేసే కుటుంబాలూ ఉన్నాయి. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. కానీ ఇంట్లో ఉండేది ఒకటే ఫోన్, అదీ నాయన జేబులో పనికి పోతుంది. ముగ్గురు పిల్లలుంటే ఒక్క టీవీ ముందు ఎవరి పాఠం ఎవరు వినాలి?

ఇట్లాంటప్పుడే ఆడపిల్ల చేతికి చీపురు వస్తుంది, చంకకు తమ్ముడు వస్తాడు. మగపిల్లగాణ్ని "ఊకెనే ఉన్నడు గదా" అని చాయ్ హోటల్‌కో జిరాక్స్ షాపుకో పంపుతారు. చేతిలో నాలుగు పైసలు ఆడినాక వాణ్ని మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టడం కష్టం. మన తాతలకు దక్కని బడి మన పిల్లలకు దక్కింది. అది చేజారకుండా కాపాడుకోవాలి.

ముందు మన మనసు

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు తల్లిదండ్రులకు ఐదు విధులు చెప్పాడు. చెడు నుంచి ఆపడం మొదటిది, మంచిలో నిలపడం రెండోది, విద్య నేర్పడం మూడోది. బడి నడిచే రోజుల్లోనే నేర్పాలని అందులో షరతు లేదు.

ఎట్లా నేర్పాలో రాహులుడి కథలో చూడండి. అబద్ధం గురించి కొడుక్కు చెప్పాలనుకున్నప్పుడు బుద్ధుడు కర్ర పట్టలేదు. కాళ్లు కడుక్కున్న పాత్రలో కొంచెం నీళ్లు మిగిల్చి చూపించాడు. తెలిసి అబద్ధమాడడానికి సిగ్గుపడని మనిషిలో మంచితనం ఇంతే మిగులుతుందన్నాడు. ఆ నీళ్లు పారబోసి, పాత్ర బోర్లించి, మళ్లీ తిప్పి ఒక్కో మాట వివరించాడు. తర్వాత అద్దం ఉదాహరణ ఇచ్చాడు. ఏ పనైనా చేసే ముందు, చేసేటప్పుడు, చేసిన తర్వాత చూసుకోవాలి: దీనివల్ల నాకుగానీ ఇతరులకుగానీ హాని ఉందా?

ఈ అద్దం ముందు మనకే కావాలి. పొద్దంతా పనిచేసి ఇంటికి వస్తాం. పిల్లలు కొట్టుకుంటుంటారు, గిన్నెలు అట్లనే ఉంటాయి. చెయ్యి లేస్తుంది. లేచే ముందు ఒక గ్లాసు నీళ్లు తాగి, కూర్చుని, నాలుగుసార్లు ఊపిరి గమనించండి. ఆ కోపంలో పిల్లవాడి తప్పెంత, మన అలసట ఎంత? ఎప్పుడైనా చెయ్యి జారితే "తప్పయింది బిడ్డా" అనడానికి సిగ్గుపడొద్దు. ఆ మాట విన్న పిల్లలు తమ తప్పు ఒప్పుకోవడం నేర్చుకుంటారు.

ఒకే గదిలో చదువు

బాబాసాహెబ్ బొంబాయిలో హైస్కూల్ చదివినప్పుడు ఇల్లు పరేల్‌లోని చాల్‌లో ఒకే గది. వంట, పడక, చదువు అన్నీ అందులోనే. తండ్రి రాంజీ కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను రాత్రి రెండు గంటల దాకా మేలుకుని, అప్పుడు కొడుకును లేపి తాను పడుకునేవాడు. ఆ గది నుంచే ఆయన 1907లో మెట్రిక్ పాసయ్యాడు. మన పిల్లల్ని రాత్రి రెండింటికి లేపాలని కాదు. గదిని పెద్దది చేయలేని తండ్రి వేళను పంచాడు. ఆ పని మనమూ చేయగలం.

ఆచరణ

1. రోజుకో గంట చదువు వేళగా పెట్టండి. ఆ గంట టీవీ బంద్, పెద్దవాళ్ల ఫోన్ కూడా బంద్. మీకు చదువు రాకపోతే పిల్లల చేత చదివించుకుని వినండి.

2. ఇంటిపని కొడుక్కూ బిడ్డకూ సమానంగా పంచండి. సమత ఇంట్లోనే మొదలు కావాలి.

3. పిల్లల్ని ఇంట్లో పెట్టి తాళం వేసి పనికి పోవద్దు. నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి వంతులు వేసుకోండి. ఒక్కో రోజు ఒక్కో ఇంటి పెద్ద చూసుకోవాలి. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు చిన్నవాళ్లకు లెక్కలు చెప్పాలి. మన నగరంలోనే భాగ్యరెడ్డి వర్మ గారు ఆది హిందూ పిల్లల కోసం బడులు నడిపించిన చరిత్ర ఉంది. బస్తీకి ఇది కొత్త పని కాదు.

4. చుట్టూ ఉన్నదాన్నే పాఠం చేయండి. కూరగాయల లెక్క రాయించండి. మెట్రో మ్యాప్ గీయించండి. మియాపూర్ లైన్, నాగోల్ లైన్ ఎక్కడ కలుస్తాయో అడగండి. జవాబు మన అమీర్‌పేటే!

5. ఇంటికి రాగానే "చదివినవా?" అని గాక, "ఏం ఆడుకున్నవ్?" అని అడగండి. ఇంట్లో మగ్గిన పిల్లలకు ఆట, స్నేహితులు కూడా అవసరమే.

బడి తెరిచిన రోజు

మొదటి రోజే చెయ్యి పట్టుకుని తీసుకుపోండి. "ఈ ఏడాదికి పోనీ" అనొద్దు. ఫీజు కట్టలేక ప్రైవేటు బడి మాన్పిస్తే సర్కారు బడిలో చేర్చండి. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు అక్కడ చదువు ఉచితం. టీసీ రావడం ఆలస్యమైందని ఆ బడి చేర్చుకోకుండా ఆపకూడదు. ఈ సంగతి మీ గల్లీలో ప్రతి ఇంటికీ చెప్పండి.

చర్చించుకోండి

మన గల్లీలో బడి మానేసిన పిల్లలు ఎందరు? వాళ్ల ఇంటికి మనలో ఎవరు పోతారు, ఏ రోజు పోతారు? వచ్చే ఆదివారం వందన తర్వాత పేర్లు రాసుకుందాం.

నమో బుద్ధాయ. జై భీమ్.