నాప్‌కిన్‌తో పాటు పాఠం కూడా అందాలి
కోరుకొండ మండలం తల్లిదండ్రులకు: బడిలో ఆరోగ్య పాఠాల గురించి తెలుసుకోండి, అడగండి

ప్రభుత్వ విద్యాసంస్థల్లో 7 నుంచి 12వ తరగతి వరకు చదివే ఆడపిల్లలకు నెలకు 10 శానిటరీ నాప్‌కిన్లు ఉచితంగా ఇవ్వడానికి మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 5న ‘స్వేచ్ఛ’ పథకం మొదలైంది. ప్యాకెట్ అందిందా లేదా అని పిల్లని అడుగుతాం. మంచిదే. మరి ఒంట్లో ఆ మార్పు ఎందుకొస్తుందో, ఎవరైనా తప్పుగా తాకితే ఏం చెయ్యాలో పిల్లకి ఎవరు చెబుతున్నారు? ఆ పాఠం కూడా మన పిల్లలకు రావలసినదే.

1. అలాంటి పాఠం నిజంగా ఉందా?

ఉందండి. ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020 ఫిబ్రవరి 12న ప్రారంభమైంది. దీని ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లు శిక్షణ తీసుకుని పిల్లలకు ఆరోగ్య పాఠాలు చెప్పాలి. వీలైతే ఒకరు మేడమ్, ఒకరు సార్ ఉండాలి. మొత్తం 11 అంశాలు. ఎదిగే వయసు మార్పులు, పౌష్టికాహారం, ఆడ మగ సమానత్వం, ప్రత్యుత్పత్తి ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ, హింస నుంచి రక్షణ, ఇంటర్నెట్ జాగ్రత్తలు అందులో ఉన్నాయి. ఇవి కాక 8వ తరగతి సైన్సులో కౌమారదశ పాఠం, 10వ తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం ఉన్నాయి.

2. మనకి ఎందుకు ముఖ్యం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 29 మందికి 18 నిండకుండానే పెళ్లి అయిపోయింది. దేశం మొత్తం మీద ఇది 23. 15-19 ఏళ్ల అమ్మాయిల్లో నూటికి దాదాపు 13 మంది అప్పటికే తల్లులో గర్భిణులో. దేశంలో ఇది 7. పెద్దమనిషి అయితే పెళ్లికి సిద్ధమైనట్టే అనుకునే చోట, ఒళ్లు ఇంకా ఎదుగుతోందన్న సంగతి పిల్లకీ ఇంట్లోవాళ్లకీ తెలియాలి.

3. ఇవన్నీ చెబితే పిల్లలు చెడిపోరా?

చాలామంది అడిగే ప్రశ్నే. ఎన్నో దేశాల అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో చెప్పిన మాట ఏమిటంటే, ఈ చదువు వల్ల పిల్లలు తొందరపడరు. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు కూడా ఒక తీర్పులో ఈ భయం అపోహ అని చెప్పి, లైంగిక విద్య అవసరమని సూచించింది. మనం చెప్పకపోయినా ఫోను చెబుతుంది. అది చెప్పేది సగం అబద్ధం. అందుకే వయసుకు తగ్గట్టు టీచరు చెప్పడం మేలు.

4. మగపిల్లలకు కూడానా?

తప్పకుండా. క్లాసులో యూనిఫాం మీద మరక చూసి నవ్వే కుర్రాడికి ఆ పాఠం ఎవరూ చెప్పలేదని అర్థం. మగపిల్లలను కూడా వేధించేవాళ్లున్నారు. పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఆడ, మగ పిల్లలందరికీ వర్తిస్తుంది.

5. ఎవరిని, ఎలా అడగాలి?

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కాబట్టి అడిగే అధికారం మీకుంది. మీటింగ్‌లో ఇవి అడగండి:

• ఆరోగ్య పాఠాలు చెప్పే ఇద్దరు టీచర్లు ఎవరు? వాళ్లకి శిక్షణ అయ్యిందా?
• ఏ రోజు, ఏ పీరియడ్? ఆ పీరియడ్ వేరే సబ్జెక్టుకి పోతోందా?
• సైన్సులో ఆ పాఠం క్లాసులో చెబుతున్నారా, “ఇంటి దగ్గర చదువుకోండి” అని వదిలేస్తున్నారా?
• మగపిల్లలకు కూడా చెబుతున్నారా?
• పిల్లకి ఇబ్బంది వస్తే బడిలో ఎవరితో చెప్పుకోవాలి?

ఒక్కరే అడగడానికి మొహమాటమైతే నలుగురు తల్లులు కలిసి వెళ్లండి. మాట్లాడింది మినిట్స్ పుస్తకంలో రాయించండి. అప్పటికీ కదలకపోతే కోరుకొండ మండల విద్యాశాఖ అధికారికి కాగితం మీద రాసి ఇవ్వండి. తరువాత రాజమహేంద్రవరం కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. రసీదు దాచుకోండి.

6. పిల్లకి ఇప్పటికే ఏదైనా జరిగి ఉంటే?

పిల్లని తిట్టొద్దు. “నువ్వెందుకెళ్లావు” అనొద్దు. 1098కి ఫోన్ చెయ్యండి. ఇది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది. ఊళ్లో రాజీ కుదిర్చి మాపేయడం చట్టానికి విరుద్ధం. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్ల పేరు, ఫోటో బయటపెట్టడం నేరం.

7. ఇంట్లో మనం చెయ్యాల్సింది

పిల్ల అడిగితే “ఛీ, అవేం మాటలు” అనకండి. తెలిసింది చెప్పండి. తెలియకపోతే ఏఎన్‌ఎం అమ్మని గానీ ఆశా కార్యకర్తని గానీ అడిగి చెప్పండి. శరీర భాగాలకు అసలు పేర్లు నేర్పండి. పేరు తెలియని పిల్ల జరిగింది చెప్పలేదు.

ఈ పీడీఎఫ్‌ను మీ క్లాసు పేరెంట్స్ గ్రూపులో పంపండి. చదవడం రానివారికి చదివి వినిపించండి.