రెండు క్రెడిట్లే కదా!
(డిగ్రీ చదివే తమ్ముళ్ల కోసం క్రెడిట్ల లెక్క)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ సారు అడిగినప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాను. కానీ మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు బి.ఏ. రెండో సంవత్సరం తమ్ముడొకడు తన మార్కుల మెమో చూపించి, "అన్నా, అన్నీ పాసయ్యాను, ఒక్కటే ఎఫ్. అది రెండు క్రెడిట్లదేలే" అన్నాడు. ఆ మాట వినగానే నా గుండె గుభేలుమంది. సరిగ్గా అదే మాట మొదటి సెమిస్టర్ ఫలితాలప్పుడు నేనూ అన్నాను. దాని ఖరీదు నా జీవితంలో ఒక సంవత్సరం. అందుకే కవిత పక్కన పెట్టి ఈ పాఠం రాస్తున్నాను.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కినవాడిని నేనే మొదటివాణ్ణి. మార్కుల మెమో ఇంటికి తీసుకెళ్తే అమ్మానాన్న అడిగే ప్రశ్న ఒక్కటే: "పాసయ్యావా?" క్రెడిట్లు, గ్రేడులు అంటే ఏమిటో చెప్పే మనిషి మన ఇళ్లలో ఉండడు. మనకు మనమే చెప్పుకోవాలి.

క్రెడిట్ అంటే ఏమిటి?

పూర్వం డిగ్రీలో సంవత్సరానికి ఒకసారి పరీక్షలు ఉండేవి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యు.జి.సి., ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 'ఎంపిక ఆధారిత క్రెడిట్ విధానం' దేశమంతటా ఊపందుకుంది. దీన్నే మనం సి.బి.సి.ఎస్. అంటున్నాం. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో ఇది 2015–16లో, తెలంగాణలో 2016–17లో మొదలయింది. మూడేళ్ల చదువు ఆరు సెమిస్టర్లయింది.

క్రెడిట్ అంటే ఒక పేపరు బరువు. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టర్ అంతా పాఠం చెబితే అది ఒక క్రెడిట్. ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. సెమిస్టర్‌కు 15 వారాలనుకుంటే, 4 క్రెడిట్ల పేపరుకు సుమారు 60 గంటల పాఠం అన్నమాట.

నేను 2019లో బి.ఏ. (చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం)లో చేరినప్పుడు మొదటి సెమిస్టర్‌లో మూడు ప్రధాన సబ్జెక్టులకు నాలుగేసి, తెలుగు, ఇంగ్లీషులకు మూడేసి, రెండు ఫౌండేషన్ కోర్సులకు రెండేసి క్రెడిట్లు ఉండేవి. మొత్తం 22. ఆ ఫౌండేషన్ కోర్సుల్లో ఒకటి మానవ విలువలు, ఇంకొకటి పర్యావరణ విద్య. ఈ పర్యావరణ విద్యను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

గ్రేడులు, పాయింట్లు

యు.జి.సి. సూచించిన పది పాయింట్ల కొలమానం ఇది: ఓ గ్రేడుకు 10, ఏ ప్లస్‌కు 9, ఏకు 8, బి ప్లస్‌కు 7, బికి 6, సికి 5, పికి 4 పాయింట్లు. ఎఫ్ అంటే తప్పినట్టు, 0. పరీక్షకు రాకపోయినా 0. ఎన్ని మార్కులకు ఏ గ్రేడు అన్నది విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. మీ మెమో వెనకవైపు సాధారణంగా ఆ పట్టిక ఉంటుంది. చాలామందిమి మెమో ముందువైపే చూసి పెట్టెలో పెట్టేస్తాం. వెనకవైపు కూడా చదవండి.

లెక్క చేసి చూద్దాం

ఈ లెక్క మనకు కొత్తది కాదు. మిరప కోతకు పోయినప్పుడు మేస్త్రీ పుస్తకంలో ఎన్ని రోజులు, రోజుకు కూలి ఎంత అని గుణించి వారం చివర మొత్తం కడతాడు కదా. ఇక్కడా అంతే. ప్రతి పేపరుకూ క్రెడిట్లను గ్రేడు పాయింట్లతో గుణించాలి. అన్నీ కూడి మొత్తం క్రెడిట్లతో భాగించాలి. వచ్చేదే ఆ సెమిస్టర్ సగటు, ఎస్.జి.పి.ఎ.

ఒక విద్యార్థిని ఉదాహరణగా తీసుకుందాం.

తెలుగు: 3 క్రెడిట్లు × 8 = 24
ఇంగ్లీషు: 3 × 6 = 18
మానవ విలువలు: 2 × 7 = 14
పర్యావరణ విద్య: 2 × 5 = 10
చరిత్ర: 4 × 8 = 32
ఆర్థికశాస్త్రం: 4 × 6 = 24
రాజనీతిశాస్త్రం: 4 × 7 = 28

మొత్తం 150. దీన్ని 22తో భాగిస్తే 6.82. అదే ఆర్థికశాస్త్రంలో ఒక్క మెట్టు పైకెక్కితే మొత్తం 154 అయి సగటు 7.00 అవుతుంది. రెండు క్రెడిట్ల పేపరులో ఒక మెట్టు ఎక్కితే 6.91 మాత్రమే. కాబట్టి సగటు పెంచుకోవాలంటే నాలుగు క్రెడిట్ల పేపర్ల మీద ఎక్కువ సమయం పెట్టాలి. ఇది మొదటి సూత్రం.

అయితే రెండో సూత్రం ఇంకా ముఖ్యం. సగటు లెక్కలో రెండు క్రెడిట్ల పేపరు చిన్నదే. డిగ్రీ పట్టా లెక్కలో మాత్రం చిన్న పేపరు, పెద్ద పేపరు అనే తేడా లేదు. తప్పనిసరి పేపర్లలో ఒక్కటి మిగిలినా పట్టా రాదు.

ఆరు సెమిస్టర్ల సగటును సి.జి.పి.ఎ. అంటారు. మొదటి సెమిస్టర్‌లో 6.0 వచ్చి, తర్వాత ఐదింటిలోనూ 7.5 చొప్పున తెచ్చుకున్నా, క్రెడిట్లు సమానమైతే చివరికి వచ్చేది 7.25. "మొదటి సంవత్సరం అలవాటు పడదాం, చివర్లో చూసుకుందాం" అనుకుంటే మొదటి సంవత్సరం చివరిదాకా మన వెంటే వస్తుంది. పై చదువుల, ఉద్యోగాల దరఖాస్తుల్లో శాతం అడిగితే పాయింట్లను ఊరికే పదితో గుణించి రాయకండి. దాన్ని శాతంగా మార్చే సూత్రం అన్ని విశ్వవిద్యాలయాల్లో ఒకటి కాదు. మీ పరీక్షల విభాగంలో అడిగి రాయండి.

చేతిలో ఉన్న మార్కులు

మా బ్యాచికి వంద మార్కుల పేపరులో 75 సెమిస్టర్ పరీక్షకు, 25 ఇంటర్నల్స్‌కు ఉండేవి. ఇంటర్నల్స్ అంటే మధ్యలో పెట్టే పరీక్షలు, అసైన్‌మెంట్లు, సెమినార్లు. ఇద్దరు స్నేహితులకూ సెమిస్టర్ పరీక్షలో 45 వచ్చాయనుకోండి. ఒకడికి ఇంటర్నల్స్‌లో 22 ఉంటే 67, ఇంకొకడికి 10 ఉంటే 55. చదివింది ఒకే పుస్తకం, రాసింది ఒకే పరీక్ష, తేడా మాత్రం 12 మార్కులు. అంటే కనీసం ఒక గ్రేడు తేడా.

ఈ తేడా మన పిల్లలకే ఎక్కువగా ఎందుకు వస్తుందో నాకు తెలుసు. రెండో సెమిస్టర్‌లో, 2020 జనవరిలో, మిరప కోతలకని ఇంటికి వెళ్లి ఇరవై రోజులు ఉండిపోయాను. ఆ రోజుల్లోనే ఇంటర్నల్ పరీక్షలు అయిపోయాయి. నాన్నకు తెలియదు, నేను చెప్పలేదు. కూలి డబ్బులు తెచ్చాను, మార్కులు పోగొట్టుకున్నాను. ఇంట్లో అవసరం నిజమే, కాదనను. కానీ ఇంటర్నల్స్ తేదీలు కాగితం మీద రాసి ఇంట్లో గోడకు అంటించి రండి. "ఈ మూడు రోజులు తప్ప ఎప్పుడైనా వస్తా నాన్నా" అని చెప్పండి. అర్థం చేసుకుంటారు. వెళ్లక తప్పకపోతే ముందుగానే లెక్చరర్‌ను కలిసి మాట్లాడండి. హాజరు 75 శాతం తగ్గితే పరీక్షకూ, స్కాలర్‌షిప్‌కూ రెండింటికీ ఇబ్బందే.

అసైన్‌మెంటును పక్కవాడి నోట్సు చూసి దించేయకండి. బి.ఏ. పరీక్షలో రాయాల్సింది వ్యాసాలు. సొంత మాటల్లో నాలుగు పేజీలు రాసే అలవాటు అసైన్‌మెంటుతోనే వస్తుంది. ఆ అలవాటే రేపు గ్రూప్స్ పరీక్షలకూ పనికొస్తుంది.

నేను చేసిన తప్పు

ఇప్పుడు ఆ పర్యావరణ విద్య సంగతి. 50 మార్కుల పేపరే కదా అని ముందురోజు రాత్రి మాత్రమే పుస్తకం తెరిచాను. ఎఫ్ వచ్చింది. "రెండు క్రెడిట్లే కదా" అనుకున్నాను. మూడో సెమిస్టర్ పరీక్షలతో పాటు మళ్లీ రాసే అవకాశం వచ్చింది. ఆ ఫీజు డబ్బులు వేరే ఖర్చయిపోయాయి. ఐదో సెమిస్టర్‌లో మళ్లీ వచ్చింది. ఫీజు కట్టే చివరి తేదీ నోటీసు బోర్డులో ఉంది, నేను చూడలేదు.

2022లో ఆరో సెమిస్టర్ అన్ని పేపర్లూ పాసయ్యాను. పి.జి. ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. అమ్మ ఊరంతా చెప్పుకుంది. సర్టిఫికెట్ల పరిశీలనలో ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడిగారు. అది నా దగ్గర లేదు. రెండు క్రెడిట్లు తక్కువ. వాళ్ల తప్పు ఏమీ లేదు, నియమం అది. సంచి సర్దుకుని వెనక్కి వచ్చాను.

ఆ ఏడాది గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు మోశాను. సాయంత్రం గదికి వచ్చి పర్యావరణ విద్య చదివేవాణ్ణి. సిగ్గేసేది, చాలా తేలికైన పుస్తకం అది. పేపరు పాసయ్యి, ప్రవేశ పరీక్ష మళ్లీ రాసి 2023లో ఎం.ఏ.లో చేరి, 2025లో పూర్తి చేశాను. నాతో పాటు డిగ్రీ పాసైన మిత్రులు అప్పటికే ఒక ఏడాది ముందున్నారు.

తమ్ముళ్లూ, ఎఫ్ రావడం నేరం కాదు. ఎఫ్ వచ్చిందని చదువు మానేయాల్సిన పనీ లేదు. దాన్ని వచ్చే అవకాశంలోనే తీర్చేయాలి. అప్పు లాంటిది అది. చిన్నదని వదిలేస్తే అవసరమైన రోజునే గుమ్మంలో నిలబడుతుంది.

కొత్తగా వచ్చిన మార్పులు

జాతీయ విద్యా విధానం–2020 తర్వాత యు.జి.సి. 2022 డిసెంబరులో కొత్త క్రెడిట్ చట్రం ప్రకటించింది. అందులో మొదటి సంవత్సరానికి కనీసం 40 క్రెడిట్లతో సర్టిఫికెట్, రెండేళ్లకు 80తో డిప్లొమా, మూడేళ్లకు 120తో డిగ్రీ, నాలుగేళ్లకు 160తో ఆనర్స్ ఉన్నాయి. మధ్యలో ఆగితే అదనంగా 4 క్రెడిట్ల వృత్తి కోర్సో, ఇంటర్న్‌షిప్పో చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుంచి ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి వచ్చింది. నేను చదివిన మూడు సబ్జెక్టుల బి.ఏ. లాగా కాదు. కాబట్టి నా బ్యాచి లెక్కలను ఉదాహరణగానే తీసుకోండి. మీ బ్యాచి నియమాల కాగితం కళాశాలలో అడిగి తెచ్చుకోండి.

మధ్యలో ఆగే అవకాశం గురించి ఒక మాట. ఆగినవాళ్లు మూడేళ్లలోపు తిరిగి చేరవచ్చని, మొత్తం ఏడేళ్లలో పూర్తి చేయవచ్చని ఆ చట్రంలో ఉంది. జబ్బు చేసినవారికి, ఇంట్లో కష్టం వచ్చినవారికి ఇది మేలే. కానీ మన ఇళ్లలో ఒకసారి చదువు ఆపి పనిలోకి దిగినవాడు తిరిగి రావడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక ఏడాది సర్టిఫికెట్ డిగ్రీ కాదు. డిగ్రీ అర్హతగా అడిగే ఉద్యోగానికి అది చాలదు. అది తలుపే గానీ గమ్యం కాదు.

2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో మన క్రెడిట్లు బ్యాంకు ఖాతాలో డబ్బుల్లాగా జమ అవుతాయి. ఖాతా తెరిచేటప్పుడు పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

బాబాసాహెబ్ ఏం ఎంచుకున్నారు?

ఈ విధానం పేరులోనే 'ఎంపిక' ఉంది. నిజానికి మన పల్లె కళాశాలల్లో లెక్చరర్ ఉన్న సబ్జెక్టే మన ఎంపిక. అయినా ఉన్నదాంట్లో ఆలోచించి ఎంచుకోవాలి. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్‌తో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన డాక్టర్ అంబేడ్కర్ అక్కడ ఆర్థికశాస్త్రంలో 29 కోర్సులు, చరిత్రలో 11 కోర్సులు తీసుకున్నారు. సామాజికశాస్త్రం, మానవశాస్త్రం, తత్వశాస్త్రం కూడా చదివారు. 1915లో ఎం.ఏ. పూర్తి చేశారు. సులువుగా మార్కులు వచ్చేవి ఏవి అని కాదు, తన ప్రజలకు ఏ జ్ఞానం కావాలి అని చూసుకుని చదివారనిపిస్తుంది. స్కాలర్‌షిప్పు మీద చదివే మనకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంది?

చివరగా

అన్నలకు ఒక విన్నపం. ప్రతి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక ఒక ఆదివారం హాస్టల్‌కు రండి. తమ్ముళ్ల మెమోలు ఒక్కొక్కటీ చూడండి. ఎఫ్ ఉన్నవాళ్ల పేర్లు, ఫీజు కట్టే చివరి తేదీ భోజనశాల గోడ మీద రాద్దాం. ఫీజు లేనివాడికి మనం కడదాం. నాకు ఆ రోజు అలాంటి అన్న ఒకరు ఉంటే ఒక సంవత్సరం మిగిలేది.

మెమో చూపించిన తమ్ముడితో ఆ రోజే కూర్చుని వచ్చే పరీక్షల ఫీజు తేదీ వాడి పుస్తకం మొదటి పేజీలో రాయించాను. ఆ తేదీకి ముందురోజు ఫోన్ చేస్తాను. మీరూ మీ మెమో తీసి ఒకసారి చూసుకోండి.

ఇట్లు
మీ హాస్టల్ అన్న,
ఎం.ఏ. (చరిత్ర)